మూగజీవి నొప్పి మన వినోదం కారాదు: నెల్లూరు జిల్లా అధికారులకు, ఉపాధ్యాయులకు, కాలనీ పెద్దలకు, యువకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పంచాయతీ అధికారులకు, పశుసంవర్ధక శాఖ వైద్యులకు, పోలీసు అధికారులకు, పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, కాలనీ సంఘాల పెద్దలకు, మా జిల్లా యువకులకు నమస్కారాలు.

నేను నెల్లూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా కాలనీలోని కొన్ని కుటుంబాల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. వీధి కుక్కల విషయమై మేము పెట్టుకున్న అర్జీలకు రసీదులు అందాయి గానీ జవాబు అందలేదు. ఏ ఒక్క కార్యాలయాన్నీ, ఏ ఒక్క అధికారినీ వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు కనుక మా ఊరి పేరు రాయడం లేదు. పక్క పట్టణాల్లో ఉన్న నా పూర్వ విద్యార్థులు చెప్పే సంగతులు కూడా ఇలాగే ఉన్నందువల్ల అందరినీ ఉద్దేశించి రాయవలసి వచ్చింది.

జరిగిన సంగతి ముందుగా చెబుతాను. గత దీపావళి రోజుల్లో, మా కాలనీ మలుపులోని టీ కొట్టును ఆశ్రయించుకొని బతికే ఒక ఆడకుక్క తోకకు కొందరు కుర్రవాళ్లు టపాకాయల సరం కట్టి నిప్పంటించారు. అది ప్రాణభయంతో వీధి పొడవునా పరుగెత్తుతుంటే ఫోనులో తీసి, ఆ దృశ్యానికి ఒక హుషారు పాట జోడించి వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. ఇంటిపెద్దలు, ఉద్యోగస్తులు, చివరకు నా దగ్గర చదువుకున్నవారు కూడా దాని కింద నవ్వు బొమ్మలు పెట్టారు. అంతకుముందు ఆ కుక్క ఎవరినీ కరిచి ఎరగదు. కాలిన గాయం మానకముందే, తెల్లవారుజామున సైకిలు మీద ఇంటింటికీ పాలు పోసే మనిషి పక్కగా వెళుతుంటే అతని పిక్క పట్టుకుంది. ఫిర్యాదు వెళ్లింది. ఒక రాత్రి కుక్కల బండి వచ్చి ఆ కుక్కనూ, దానితోపాటు ఏ పాపమూ ఎరుగని మరికొన్నింటినీ పట్టుకుపోయి ఊరి బయట, హైవే పక్కన వదిలేసింది. అలా పోయినవాటిలో చెవికి గుర్తు ఉన్నవి, అంటే పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స అయి రేబిస్ టీకా వేయించుకున్నవి కూడా ఉన్నాయి. కొద్ది వారాల్లోనే మా వీధికి కొత్త కుక్కలు వచ్చి చేరాయి. వాటికి మేము తెలియదు, మాకు అవి తెలియవు. ఇప్పుడు తెల్లవారి వాకిలి ఊడవడానికి రావాలంటే ఆడవాళ్లు చేతిలో కర్ర పట్టుకోవలసి వస్తోంది.

ఇందులో ఎవరికి మేలు జరిగిందో దయచేసి ఆలోచించండి. పాలు పోసే మనిషికి పని పోయిన రోజులు తిరిగి రాలేదు. కరిచిన కుక్కను పది రోజులపాటు కనిపెట్టి చూస్తే, ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా బతికి ఉంటే, కరిచిన నాటికి దానికి రేబిస్ లేదని వైద్యులు నిర్ధారించగలరు. కుక్కనే మాయం చేసినందువల్ల ఆ ఊరట కూడా అతనికి దక్కలేదు. రేబిస్ లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు, ఒక్కోసారి ఏడాదికి కూడా బయటపడవచ్చునని ఎవరో చెప్పగా విని, టీకాలన్నీ పూర్తయినా అతని భార్య ఇప్పటికీ భయపడుతూనే ఉంది. ఆ దృశ్యం తీసిన కుర్రవాళ్లను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

కుక్క నొప్పిని చూసి నవ్వడాన్ని మనం పిల్లలకు నేర్పుతున్నాం. ఆ నవ్వుకు మూల్యం చెల్లిస్తున్నది మాత్రం తెల్లవారుజామున పనికి బయలుదేరే పేదలు, బడికి నడిచి వెళ్లే పిల్లలు. మేము చెప్పదలచిన విషయం ఇదే.

నేను నవ్వుకు వ్యతిరేకిని కాను. కుక్కల మధ్య బతికేవారికి నవ్వు కరువు ఉండదు. ఇంటిల్లిపాదీ వెతుకుతుంటే ఒంటి చెప్పును నోట కరుచుకొని దర్జాగా వాకిట్లో కూర్చునే కుక్కను చూసి నవ్వని వారెవరు? వీధిలోకి గేదె వస్తే ఆర్భాటంగా మొరిగి, అది ఒక్కసారి తల తిప్పి చూసేసరికి మన కాళ్ల వెనక్కి వచ్చి నిలబడే కుక్కపిల్లను చూసి నా మనవరాలు విరగబడి నవ్వుతుంది. ఆ నవ్వువల్ల కుక్కకు నష్టం లేదు, పిల్ల మనసుకు మేలు ఉంది. నవ్వించేవారికి నొప్పి లేనప్పుడు, వీలైతే వారు కూడా ఆ సరదాలో పాలు పంచుకుంటున్నప్పుడు ఆ నవ్వు మంచిది. ఈ నియమాన్ని మనుషులకన్నా కుక్కలే శ్రద్ధగా పాటిస్తాయని చెబితే ఆశ్చర్యం కలగవచ్చు గానీ, అది పరిశీలించి తెలుసుకోదగిన సత్యం.

ఒక కుక్క మరొకదాన్ని ఆటకు పిలిచేటప్పుడు ముందుకాళ్లు చాచి, ఛాతీని నేలకు ఆనించి, నడుమును పైకెత్తి తోక ఊపుతుంది. ఇకమీదట నేను పట్టినా, తోసినా, మొరిగినా అది ఆటేనని ముందుగా ఇచ్చే మాట అది. ఆటలో కొరుకుడు కాస్త గట్టిపడేటట్లుంటే మళ్లీ అదే భంగిమ పెట్టి, ఇంకా ఆటలోనే ఉన్నానని గుర్తుచేస్తుంది. పెద్ద కుక్క చిన్నదానితో ఆడేటప్పుడు తన బలాన్ని కావాలని తగ్గించుకుంటుంది, తానే వెల్లకిలా పడుతుంది, కాసేపు తరిమితే మరికాసేపు తరిమించుకుంటుంది. ఒకటి కుయ్యిమని అరవగానే రెండోది ఆగుతుంది. ఆగకపోతే ఎదుటిది ఆట మాని వెళ్లిపోతుంది. పుట్టిన కొద్ది వారాల్లోనే తోబుట్టువులతో పెనుగులాడుతూ కుక్కపిల్లలు ఈ పాఠం నేర్చుకుంటాయి. పంటి బలాన్ని ఎంతవరకు వాడవచ్చునో వాటికి తెలిసేది అప్పుడే. పసికూనలను తల్లినుంచీ తోడు పిల్లలనుంచీ విడదీసి ఎక్కడో పారవేసేవారు ఒక జీవికి అన్యాయం చేయడమే కాక, కాటును అదుపు చేసుకోవడం సరిగా నేర్వని కుక్కను ఏదో ఒక వీధికి ఇస్తున్నారు.

ఆటలో ఉన్న కుక్కలు ఒక ప్రత్యేకమైన ఒగర్పు శబ్దం చేస్తాయి. కొందరు పరిశోధకులు దాన్ని కుక్కల నవ్వు అన్నారు. అమెరికాలోని స్పోకేన్‌లో ఆ శబ్దాన్ని రికార్డు చేసి ఆశ్రయ కేంద్రంలోని కుక్కలకు వినిపించగా వాటి ఆందోళన తగ్గిందని 2005లో ఒక అధ్యయనం వెలువడింది. ఒకటి నవ్వితే మిగిలినవి నెమ్మదించాయన్న మాట. తోకకు కట్టిన సరం పేలుతుంటే వచ్చే నవ్వును దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ ఆటకు పిలుపు లేదు, ఒప్పుకోలు లేదు, అరుపు విని ఆగడం లేదు. అరుపు పెరిగినకొద్దీ నవ్వు పెరిగింది. అటువంటి నవ్వుకు అలవాటుపడిన పిల్లవాడు రేపు తరగతిలో నత్తిగా మాట్లాడే తోటివాడిని ఎలా చూస్తాడోనని ఒక ఉపాధ్యాయురాలిగా నాకు భయం వేస్తుంది. అలాంటి పిల్లలను నేను చూశాను.

ఇక దయ విషయం. మనిషి, కుక్కల స్నేహం దయతో మొదలైందని చెప్పడానికి మట్టిలో దొరికిన సాక్ష్యం ఉంది. జర్మనీలోని బాన్ నగరం దగ్గర ఒబెర్‌కాసెల్ అనే చోట 1914లో సుమారు 14 వేల ఏళ్ల నాటి సమాధి బయటపడింది. అందులో ఒక స్త్రీ, ఒక పురుషుడు, వారితోపాటు ఒక చిన్న వయసు కుక్క ఉన్నాయి. ఆ కుక్క పసితనంలో డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధి బారిన పడిందనీ, మనుషులు దగ్గరుండి సేవ చేయకపోతే ఆ జబ్బుతో వారాల తరబడి బతికి ఉండేది కాదనీ దాని పళ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు తేల్చారు. వేటకు గానీ కాపలాకు గానీ పనికిరాని జబ్బు కుక్కపిల్లకు, వ్యవసాయం కూడా తెలియని ఆ కాలపు మనుషులు సేవ చేశారు.

మన దేశపు వీధి కుక్కల మీద కూడా శ్రద్ధగా పరిశోధన జరుగుతోంది. పశ్చిమ బెంగాల్‌లోని ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం, ముక్కు మొహం తెలియని మనుషులు పదే పదే ఎదురైనప్పుడు వీధి కుక్కలు ఆహారంకన్నా ఆప్యాయంగా నిమరడానికే ఎక్కువగా లొంగి నమ్మకం పెంచుకుంటాయని 2017లో వెల్లడించింది. అదే బృందం 364 కుక్కపిల్లలను వెంబడించి గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిల్లలు పెట్టే వయసు దాకా బతికినవి 19 శాతమే. చనిపోయినవాటిలో 63 శాతం మరణాలకు మనిషే ఏదో ఒక రకంగా కారణం. మనిషివల్ల ఇంత నష్టపోతూ కూడా మనిషి చేయి తలమీద పడితే చాలునని ఆశపడే జీవులు అవి. నాకు ఆ రెండు అధ్యయనాలనూ కలిపి చదివినప్పుడు కలిగిన బాధ మాటల్లో పెట్టలేను.

ఈ జిల్లావాసులకు మరొక మాట గుర్తుచేయవలసి ఉంది. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి తిక్కన తెలుగు చేసిన భారత పర్వాలలోనే మహాప్రస్థానం ఉంది. తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు పట్టుబట్టిన కథ తెలుగువారికి ఈ పెన్న ఒడ్డునుంచే అందింది. అందరూ చెప్పుకునేది ఆ కథే. నాకు మాత్రం ఆదిపర్వంలోని సరమ కథ ఎక్కువగా గుర్తుకు వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి వచ్చిన ఒక కుక్కపిల్లను రాజు తమ్ములు కారణం లేకుండా కొడతారు. అది ఏడుస్తూ వెళ్లి తల్లికి చెప్పుకుంటుంది. తల్లి అయిన సరమ నేరుగా రాజు ఎదుటికి వచ్చి, నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టారని నిలదీస్తుంది. మహాభారతం మొదటి పర్వంలోనే ఒక కుక్క పెట్టుకున్న అర్జీ ఉందన్న విషయాన్ని అర్జీలు చూసే అధికారులు ఒక్కసారి మనసులో పెట్టుకోవాలని కోరుతున్నాను.

ఇప్పుడు మా విన్నపాలు.

1. కుక్కలను ఊరి బయట వదిలేసే పద్ధతిని వెంటనే ఆపించండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం 2023 మార్చిలో తెచ్చిన జంతు సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం, వీధి కుక్కలకు శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించి, పట్టిన చోటే తిరిగి వదలవలసిన బాధ్యత స్థానిక సంస్థలది. ఇది దయకు సంబంధించిన నియమం మాత్రమే కాదు, ప్రజారోగ్యానికి సంబంధించినది. టీకా వేయించుకున్న కుక్కలు ఉన్న వీధిని ఖాళీ చేస్తే, ఆహారం దొరికే ఆ చోటికి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. మా వీధిలో జరిగింది ఇదే. కుక్కలను చంపితే సంఖ్య తగ్గుతుందన్న ఆలోచన కూడా నిలవలేదు. మనకు దగ్గరి మహానగరమైన చెన్నైలో ఒక శతాబ్దానికి పైగా కుక్కలను చంపి చూశారు, సంఖ్య తగ్గలేదు. అక్కడ బ్లూక్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ 1964లోనే మొదలుపెట్టిన శస్త్రచికిత్స పద్ధతిని 1996లో నగరపాలక సంస్థ చేపట్టింది. జైపూరులో 1994లో మొదలైన కార్యక్రమంలో ఆడకుక్కలలో సుమారు 65 శాతానికి శస్త్రచికిత్స, టీకా పూర్తయ్యేసరికి మొత్తం కుక్కల సంఖ్య 28 శాతం తగ్గిందని అక్కడి పశువైద్యులు ప్రచురించారు. గోవా ప్రభుత్వం ఏళ్ల తరబడి విడవకుండా టీకాలు వేయించి 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకోగలిగింది. కుక్కలలో 70 శాతానికి టీకా అందితే వ్యాధి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా పట్టణంలో ఆ శాతం ఎంతో చెప్పగలిగిన లెక్క మాకు ఎవరూ చూపలేదు. మొదట ఆ లెక్క తీయించండి. రేబిస్ సోకిన కుక్కను, నిజంగా ప్రమాదకరంగా మారిన కుక్కను వేరుచేయవద్దని మేము అనడం లేదు. ఆ పని పశువైద్యుని పరీక్ష తరువాత జరగాలి.

2. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో శస్త్రచికిత్స, టీకా, నులిపురుగుల మందు పూర్తయిన కుక్కలను అదే ప్రాంతంలో వదలాలనీ, రేబిస్ ఉన్నవాటికీ దూకుడు స్వభావం ఉన్నవాటికీ ఇది వర్తించదనీ, ఆహారం పెట్టడానికి వేరే చోట్లు కేటాయించాలనీ చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తొలగించి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆదేశించింది. న్యాయస్థానం మాటను మేము శిరసావహిస్తాం. అయితే ఆశ్రయ కేంద్రం అంటే నీడ, నీరు, తిండి, వైద్యుడు ఉండే చోటు. హైవే పక్కన పొదలను ఆశ్రయ కేంద్రంగా లెక్కవేయడానికి ఏ ఉత్తర్వులోనూ వీలు లేదు. ఆ ఆశ్రయ కేంద్రం ఎక్కడ ఉన్నదో, ఎన్ని కుక్కలకు చోటున్నదో, ఎవరు చూసుకుంటున్నారో పట్టణ ప్రజలకు చెప్పండి. వెళ్లి చూసేందుకు అనుమతించండి.

3. కుక్కకాటుకు గురైనవారిలో చాలామంది రోజుకూలీ మీద బతికేవారు. పారిశుద్ధ్య కార్మికులు, పాలు పోసేవారు, పేపరు వేసే కుర్రవాళ్లు, వేకువనే చేపల గంప ఎత్తుకొని బయలుదేరే ఆడవాళ్లు, రొయ్యల గుంటల మీద రాత్రి కాపలాకు వెళ్లేవారు ఒక్కొక్క సూదికి ఒక్కొక్క రోజు కూలి పోగొట్టుకుంటున్నారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజున, తరువాత 3, 7, 28 రోజులకు టీకా వేయించుకోవాలి. రెండో సూది తరువాత కూలి పోతుందని మానేసేవారిని నేను ఎరుగుదును. రేబిస్ లక్షణాలు పైకి కనిపించాక దాదాపు ఎవరూ బతకరు కనుక ఇది మానుకోదగిన చికిత్స కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే టీకా ఎప్పుడూ నిల్వ ఉండేటట్లు, లోతైన గాయాలకు టీకాతోపాటు కావలసిన ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కోసం మనిషిని జిల్లా కేంద్రం దాకా తిప్పకుండా ఉండేటట్లు చూడండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలన్న ఒక్క సంగతి ప్రతి వార్డు సచివాలయం గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. మన పల్లెల్లో ఇప్పటికీ గాయానికి కారం, సున్నం, ఆకు పసరు పెట్టి విలువైన గంటలు పోగొట్టుకుంటున్నారు.

4. ప్రధానోపాధ్యాయులకు, తోటి ఉపాధ్యాయులకు నా ప్రత్యేక విన్నపం. రేబిస్ అనుమానం ఉన్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎత్తు తక్కువ కావడంవల్ల చిన్నపిల్లలకు కాటు ముఖం మీద, మెడ మీద పడుతుంది. పిల్లలకు కుక్క భాష నేర్పడం కష్టమైన పని కాదు. తోక కాళ్ల మధ్యకు ముడిచినా, చెవులు వెనక్కి అణిచినా, ఎదురుగా తిండి లేకుండానే పెదవులు నాకుతున్నా, నిద్ర వేళ కాకుండా పదే పదే ఆవులిస్తున్నా, ఉన్నట్టుండి కదలక బిగుసుకుపోయినా ఆ కుక్క భయపడుతోందని అర్థం. తోక ఊపే కుక్కలన్నీ సంతోషంగా ఉన్నట్లు కాదు. తినే కుక్కను, నిద్రపోయే కుక్కను, పిల్లలకు పాలిచ్చే కుక్కను కదిలించకూడదు. తరుముకొస్తే పరుగెత్తక, కళ్లలోకి చూడక, చేతులు దగ్గరగా పెట్టుకొని చెట్టులా నిలబడాలి. మొరిగే కుక్క కరవదన్న సామెతను పిల్లలకు భరోసాగా చెప్పవద్దని కూడా కోరుతున్నాను, ఎందుకంటే భయపడ్డ కుక్క మొరిగి హెచ్చరించిన తరువాత కరవవచ్చు. పిల్లవాడు మొదట ఆ హెచ్చరికను వినడం నేర్చుకోవాలి. నెలకు ఒక శనివారం ఒక గంట చాలు. ఆ గంటలో పశువైద్యుని పిలిపించండి, ఆట నియమాలను గురించి చెప్పించండి, ఎదుటి జీవి అరిస్తే ఆగాలన్న సంగతిని వీధి కుక్కలనే ఉదాహరణగా చూపి బోధించండి. సెప్టెంబరు 28న రేబిస్ దినోత్సవం నాడు ప్రతిజ్ఞ చేయించి ముగించే కార్యక్రమాలు మనకు ఇక చాలు.

5. పోలీసు అధికారులకు. భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షను ప్రకారం జంతువును చంపడం, విషం పెట్టడం, అవయవం పోయేలా హింసించడం ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడదగిన నేరం. 1960 నాటి చట్టంలో మొదటి నేరానికి ఉన్న జరిమానా పది నుంచి యాభై రూపాయలు కావడంవల్ల ఆ చట్టం ఎవరికీ భయం కలిగించడం లేదన్నది నిజమే, అందుకే కొత్త సంహితలోని సెక్షను వాడవలసి ఉంది. పిల్లలను జైలుకు పంపాలని నేను కోరడం లేదు. ఫిర్యాదు వచ్చినప్పుడు నమోదు చేయండి, తల్లిదండ్రులను పిలిపించండి, ఆ కుర్రవాళ్లచేత పశువైద్యశాలలో గాయపడిన జంతువులకు కొన్ని రోజులు సేవ చేయించే మార్గం చూడండి. హింస దృశ్యాలను వ్యాపింపజేసే గ్రూపుల నిర్వాహకులను హెచ్చరించండి.

6. కోళ్ల కొట్ల వ్యర్థాలు, చేపల మార్కెట్టు చెత్త రాత్రివేళ కాలువ గట్ల మీద పారబోస్తున్నారు. కుక్కలు గుంపులు కట్టేది అక్కడే. ఆ చెత్త ఎత్తించకుండా కుక్కలను ఎత్తించినందువల్ల ఉపయోగం లేదు.

7. కుక్కలను ప్రేమించేవారికి కూడా చెప్పవలసింది ఉంది. ఇరుగుపొరుగు గుమ్మాల ముందు, మెట్ల దగ్గర, పిల్లలు ఆడుకునే చోట అన్నం పెట్టి వెళ్లిపోవడం దయ అనిపించుకోదు. నిబంధనలు కూడా అందుకు ఒప్పుకోవు. కాలనీ సంఘంతో మాట్లాడి ఒక చోటు, ఒక వేళ ఏర్పాటు చేసుకొని, పెట్టిన తరువాత శుభ్రం చేసి, అక్కడికి వచ్చే కుక్కలకు టీకాలు వేయించే బాధ్యత తీసుకున్నప్పుడే మన మాటకు విలువ ఉంటుంది. ఇక ఖరీదైన విదేశీ జాతి కుక్కలను కొని, జబ్బు చేసినా వయసు మీదపడినా బైపాసు రోడ్డులో దింపేసి పోయేవారిని గురించి రాయాలంటే నాకు చేయి రావడం లేదు. ఒంగోలు గిత్తను చూసి గర్వపడే ప్రాంతం మనది. నోరులేని జీవిని ఇంటి మనిషిగా సాకడం మనకు ఎవరో నేర్పవలసిన విద్య కాదు.

8. యువకులారా, మీలో చాలామంది మనసు మెత్తనిదని నాకు తెలుసు. అటువంటి దృశ్యం మీ గ్రూపులోకి వచ్చినప్పుడు నవ్వు బొమ్మ పెట్టకండి, ఇంకొకరికి పంపకండి, ఇది తప్పని ఒక్క వాక్యం రాయండి. గుంపులో మొదట అభ్యంతరం చెప్పినవారికి కాస్త ఎగతాళి తప్పదు. దాన్ని ఓర్చుకోండి.

ఈ విన్నపాలు చేసి చేతులు దులుపుకోవాలని మేము అనుకోవడం లేదు. మా కాలనీలో ప్రస్తుతం ఉన్న కుక్కల జాబితాను, చెవి గుర్తు ఉన్నవి ఏవో లేనివి ఏవో ఫొటోలతో సహా తయారుచేసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. టీకాల రోజున కుక్కలను మచ్చిక చేసి పట్టి ఇవ్వడానికి మా ఇళ్లనుంచి మనుషులు వస్తారు. రోహిణి కార్తె ఎండల్లో నీటి తొట్లు పెట్టి, రోజూ కడిగి నింపే పని మాది. శస్త్రచికిత్స అయిన కుక్కను పట్టిన చోటే వదిలారా లేదా అన్నది చూసుకునే పనికి కూడా మీరు అనుమతిస్తే ఒక చిన్న కమిటీగా ఏర్పడతాం. పాఠశాలల్లో చెప్పవలసిన పాఠం నేనే రాసి, అడిగిన బడికల్లా వచ్చి స్వయంగా చెబుతాను.

అధికారులను మేము కోరేది, పై అంశాలలో మీ పరిధిలోకి వచ్చేవాటికి లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వాలని. చేయగలిగినది ఏ తేదీలోగా చేస్తారో, చేయలేనిది ఎందుకు చేయలేరో రాయండి. నిధులు లేవంటే నిధులు లేవని రాయండి, వైద్యులు లేరంటే ఆ మాటే రాయండి. అప్పుడు మేము అంతకు పై అధికారులను అడుగుతాం. వచ్చే దీపావళి నాటికైనా మొదటి విడత టీకాలు, శస్త్రచికిత్సలు పూర్తి కావాలంటే వానలు ముదరకముందే పని మొదలు కావాలి.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
కాలనీ నివాసుల తరఫున,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.